బెట్టను తట్టుకునే మేత పొదలు: సేంద్రియ ఎరువు ఎప్పుడు, ఎక్కడ, ఎలా వేసుకోవాలి

హైదరాబాద్ నగరంలోని తబేలాల గేదెలకు ఎండాకాలంలోనూ పచ్చగడ్డి దొరుకుతోందంటే, అందుకు ముఖ్య కారణం మూసీ వెంబడి మురుగునీటితో పెరిగే పారా గడ్డి. ఆ నీరు అందని మహేశ్వరం, యాచారం, చేవెళ్ల, షాద్‌నగర్ వైపు చెలకల్లో గొర్రెలనో మేకలనో, రెండు మూడు పాడి పశువులనో నమ్ముకున్న వారికి మాత్రం సంక్రాంతి దాటిన కొద్ది రోజులకే పచ్చిమేత కరువవుతుంది. జొన్న మేతను నమ్ముకుందామంటే, బెట్టకు గిడసబారిన లేత జొన్నలో విషపదార్థం పెరిగి, నాము తగిలి పశువులు కళ్లముందే పడిపోయే ప్రమాదం ఉంది. ఇలాంటి చోట ఒకసారి నాటితే ఏళ్ల తరబడి నిలిచి, పై మట్టి ఎండిపోయినా లోతు వేళ్లతో అడుగు తేమను అందుకుని ఆకు ఇచ్చే సుబాబుల్, గ్లైరిసిడియా, దశరథ గడ్డి వంటి మేత పొదలే దిక్కు.

అయితే ఈ పొదలు బెట్టను తట్టుకునేది వేరు లోతుకు దిగిన తరువాతే. మొదటి ఏడాది అవి కూడా టమాట నారు లాగే వాడిపోతాయి. ఆ మొదటి ఏడాదిని గట్టెక్కించేది సేంద్రియ ఎరువు. ఎరువు అనగానే మనకు మొక్కకు పెట్టే తిండి గుర్తుకు వస్తుంది. వర్షాధారపు చెలకలో దానికి అంతకన్నా ముందు మరో పని ఉంది: పడిన వానను వేరు దగ్గర పట్టి ఉంచడం. ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే ఏ ఎరువు వేయాలి, ఎంత లోతున వేయాలి, ఏ నెలలో వేయాలి అన్న ప్రశ్నలకు సమాధానాలు చాలావరకు వాటంతట అవే దొరుకుతాయి. తడి లేని నేలలో ఎరువు కుళ్లదు, కరగదు, వేరుకు అందదు. కాబట్టి వాన పడ్డాక ఎరువు తోలడం కాదు, వాన వచ్చేసరికి ఎరువు మట్టిలో సిద్ధంగా ఉండాలి.

నేలను బట్టి పొద

హైదరాబాద్ ప్రాంతంలో ఏడాదికి సగటున 800 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడుతుంది. అందులో నాలుగింట మూడు వంతులు జూన్ నుంచి సెప్టెంబర్ వరకు నైరుతి రుతుపవనాల కాలంలోనే, అదీ కొన్ని పెద్ద వానల రూపంలో కురిసి పారిపోతుంది. ఎర్ర చెలక నేలలో ఒకటి రెండు అడుగుల కింద మొరం తగులుతుంది. ఆ నేల నీటిని త్వరగా వదిలేస్తుంది, పైన అట్టకడుతుంది. ఇక్కడ సుబాబుల్, గ్లైరిసిడియా బాగా వస్తాయి. నల్ల రేగడిలో తేమ నిలుస్తుంది కానీ, వానాకాలంలో నీరు నిలబడితే సుబాబుల్ వేరు ఊపిరాడక చస్తుంది. అక్కడ కందకంలో కాకుండా బోదె మీద నాటాలి. చౌడు తగిలిన నేలలో ఈ పొదలకు బదులు గట్ల మీద జమ్మి, తుమ్మ పెంచుకోవడమే మేలు.

దశరథ గడ్డిని గడ్డి అని పిలుస్తాం కానీ అది గడ్డి కాదు, పొదలా పెరిగే పప్పుజాతి మొక్క. రెండు మూడు తడులు ఇవ్వగలిగిన వారికి దీనికి మించిన మేత లేదని నా అభిప్రాయం, ఎందుకంటే ఇందులో సుబాబుల్‌లో ఉండే మిమోసిన్ విషం బెడద లేదు. అవిశ త్వరగా పెరుగుతుంది కానీ మొదలు దగ్గరకు కోస్తే చచ్చిపోతుంది. దాన్ని ఈ పనికి నేను సిఫారసు చేయను. విత్తనం కోసం నగర శివారులోని మామిడిపల్లిలో ఉన్న కేంద్ర ప్రభుత్వ పశుగ్రాస కేంద్రాన్ని, రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయాన్ని ముందుగా అడిగి చూడండి.

ఏ ఎరువు

బాగా చివికిన పశువుల ఎరువుకు సాటి మరొకటి లేదు. అందులో నత్రజని అర శాతానికి మించి ఉండదు, మొదటి ఏడాది అందులోనూ మూడో వంతు మాత్రమే మొక్కకు అందుతుంది. అంకెలు చూసి ఇది బలం లేని ఎరువు అనుకోవద్దు. మేత పొదల్లో చాలా భాగం పప్పుజాతివి, గాలిలోని నత్రజనిని వేరు బుడిపెల ద్వారా తామే సమకూర్చుకుంటాయి. వాటికి మన నుంచి కావలసింది భాస్వరం, పొటాష్, సూక్ష్మపోషకాలు, అన్నిటికీ మించి నీటిని పట్టి ఉంచే గుల్లదనం. అది పశువుల ఎరువులోనే ఉంది.

గొర్రెల పెంట బలమైనది, నత్రజని దాదాపు మూడు శాతం వరకు ఉంటుంది. మన పల్లెల్లో ఎండాకాలంలో గొల్ల కురుమల చేత పొలంలో మంద పెట్టించే అలవాటు ఉన్నది ఇందుకే. ఒక్కో గొర్రె రాత్రికి పావుకిలో నుంచి అరకిలో వరకు పెంట వేస్తుంది, మూత్రం అదనం. గుంట నేలలో, అంటే ఎకరంలో నలభయ్యో వంతులో, నూరు గొర్రెలు సరిపోతాయి కనుక, నాలుగు వందల గొర్రెల మంద పది రాత్రులలో ఎకరమంతా తిరుగుతుంది. ఒక్కో చోట రెండు రాత్రులు ఉంచగలిగితే ఇంకా మంచిది. మంద లేచిన ఉదయమే, ఎండ ముదరకముందే, పైపైన దున్ని పెంటను మట్టిలో కలిపేయాలి. సాయంత్రం దాకా వదిలేస్తే మూత్రంలోని బలమంతా ఆవిరై గాలిలో కలిసిపోతుంది. మరొక జాగ్రత్త కూడా చెప్పాలి. గొర్రెలు ఎండాకాలంలో సర్కారు తుమ్మ కాయలు తింటాయి, ఆ గింజలు అరగకుండా పెంటలో బయటపడి తొలకరికి మొలుస్తాయి. మొలకలు జానెడు ఎత్తులో ఉన్నప్పుడే వేళ్లతో సహా పీకేయకపోతే, మేత పొదలు వేయదలచుకున్న చోట ముళ్ల కంచె తయారవుతుంది.

కోళ్ల ఎరువు షాద్‌నగర్, శామీర్‌పేట వైపు ఫారాల నుంచి సులభంగా దొరుకుతుంది. బలం ఎక్కువ, వేడీ ఎక్కువే. నాలుగేళ్ల కిందట మా చెలకలో తొందరపడి పచ్చి కోళ్ల ఎరువునే గుంతల్లో వేసి, తొలి వానకే సుబాబుల్ మొక్కలు నాటాను. తరువాత ఇరవై రోజులు చినుకు లేదు. ఆకుల కొసలు మాడి, వారం తిరిగేసరికి సగానికి పైగా మొక్కలు ఎండిపోయాయి. పాత పెంటకుప్ప ఎరువు వేసిన పక్క సాలు మాత్రం వాడినా చావలేదు. అప్పటి నుంచి కోళ్ల ఎరువును మూడింతల చెత్తతో కలిపి, తడిపి, కనీసం మూడు నెలలు మాగనిచ్చిన తరువాతే వాడుతున్నాను.

వేప పిండి, కానుగ పిండి కొద్ది మోతాదులో వేస్తే పోషకాలతో పాటు చెదల బెడద కూడా తగ్గుతుంది. ఆముదపు పిండి మన ప్రాంతంలో చవకగా దొరుకుతుంది, ఎరువుగా మంచిదే, కానీ అది పశువుకు ప్రాణాంతకమైన విషం. మేకలు తిరిగే చోట బస్తా విప్పి ఉంచినా ప్రమాదమే. వాడదలిస్తే జానెడు లోతున పూడ్చి, ఖాళీ బస్తాను కూడా పశువులకు అందకుండా పెట్టాలి. మేత మొక్కలకు అసలు ఆ పిండి జోలికి పోకపోవడమే నయమని నేను అనుకుంటాను. నగరపు చెత్త నుంచి తయారయ్యే కంపోస్టు విషయంలోనూ నాది ఇదే మాట: గాజు పెంకులు, ప్లాస్టిక్ ముక్కలు, బ్యాటరీల నుంచి వచ్చే లోహాలు అందులో ఉండవని ఎవరూ హామీ ఇవ్వలేరు, అవి చివరకు చేరేది పాలలోకే.

చెరువు మట్టి ఎరువు కాకపోయినా దాని ప్రస్తావన ఇక్కడ తప్పదు. 2015లో మొదలైన మిషన్ కాకతీయతో పూడిక మట్టిని పొలాలకు తోలుకోవడం మళ్లీ అలవాటైంది. ఎర్ర చెలకలో చెరువు మట్టి, పశువుల ఎరువు కలిస్తే నీరు పట్టే గుణం ఏ ఒక్కటి వేసినా రానంతగా పెరుగుతుంది. రేగడి నేలకు అది అక్కరలేదు.

పెంటకుప్ప నుంచి ఎరువు చేయడం

మన ఇళ్ల ముందరి పెంటకుప్పలు సాధారణంగా ఎండలో ఎండి, వానకు తడిసి, సారమంతా కాలువలో కలిపేస్తాయి. దసరా నాటికే కుప్పను చెట్టు నీడకు లేదా కొబ్బరి మట్టల పందిరి కిందకు మార్చుకోవాలి. పది అడుగుల పొడవు, ఆరు అడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు సరిపోతుంది. జానెడు మందాన ఎండు చెత్త, దాని మీద పేడనీళ్లు, దాని మీద పలచగా పాత మట్టి, ఇలా పొరలు పొరలుగా వేసి, పైన పేడతో మెత్తాలి. నాలుగు టన్నుల కుప్పకు నూరు కిలోల రాక్ ఫాస్ఫేట్ పొరల మధ్య చల్లుకుంటే మంచిది. ఈ భాస్వరం రాయిని నేరుగా మన నేలల్లో వేస్తే కరగదు, కుప్ప చివికేటప్పుడు పుట్టే ఆమ్లాలలో కొంత కరిగి మొక్కకు అందే రూపంలోకి వస్తుంది.

కుప్పలో తేమ సరిపోయిందో లేదో తెలియాలంటే పిడికెడు తీసి గట్టిగా పిసకండి. ముద్దగా నిలవాలి, నీరు కారకూడదు. మొదటి మూడు నాలుగు వారాలు లోపల చేయి పెట్టలేనంత వేడి పుట్టాలి. ఆ వేడికే వయ్యారిభామ, సర్కారు తుమ్మ గింజల్లో చాలా వరకు చస్తాయి. వేడి అంచులకు అందదు కనుక నెలకోసారి బయటి చెత్తను లోపలికి, లోపలిదాన్ని బయటికి తిరగేయాలి. నాలుగు నెలలకు ఎరువు నల్లబడి, పేడ వాసన పోయి, తొలకరి మట్టి వాసన వస్తుంది. ఆ వాసన రాకముందు పొలానికి తోలవద్దు. పచ్చి పేడ, సగం చివికిన చెత్త మట్టిలో చివికేటప్పుడు ఉన్న కాస్త నత్రజనిని అదే లాక్కుంటుంది, ఉన్న కాస్త తేమను అదే తాగుతుంది, దానికి తోడు చెదలను పిలుస్తుంది. కరువు ఏడాది ఈ మూడూ కలిస్తే మొక్క బతకదు.

కందకంలో ఎరువు

ఎకరాకు నాలుగు టన్నులు, అంటే సుమారు రెండు ట్రాక్టర్ ట్రాలీల ఎరువు ఉందనుకుందాం. దాన్ని పొలమంతా చల్లితే చదరపు మీటరుకు కిలో మాత్రమే పడుతుంది, ఎండకు ఎండి దుమ్మై పోతుంది. అదే ఎరువును రెండు మీటర్ల ఎడంలో తీసిన అడుగు వెడల్పు కందకాలలో వేస్తే, ఎకరాకు వచ్చే రెండు వేల మీటర్ల కందకంలో మీటరుకు రెండు కిలోల చొప్పున అందుతుంది. లెక్క కడితే వేరు పెరిగే చోట ఎరువు సాంద్రత ఆరేడు రెట్లు పెరిగినట్టు. ఎరువు తక్కువ, నీరు తక్కువ ఉన్న చోట రెండింటినీ ఒకే చోట చేర్చడం కన్నా తెలివైన పని లేదు.

కందకాలు వాలుకు అడ్డంగా, ఒకటిన్నర అడుగు లోతున తీయాలి. ఏప్రిల్, మే నెలల్లో ఒక వేసవి వాన పడి నేల మెత్తబడినప్పుడు ఈ పని సులువు, రోహిణి కార్తె ముగిసేలోపు మాత్రం పూర్తి కావాలి. పై అరడుగు మట్టిని ఒక వైపు, కింది మొరం మట్టిని మరో వైపు వేసుకోవాలి. పై మట్టిలో ఎరువు, మీటరుకు వంద గ్రాముల వేప పిండి, దొరికితే రెండు తట్టల చెరువు మట్టి కలిపి కందకాన్ని తిరిగి నింపాలి. మొరం మట్టిని వాలు దిగువ వైపు గట్టుగా వేయాలి. కందకాన్ని అంచు దాకా నింపకుండా నాలుగు వేళ్ల లోతు వదిలేస్తే వాన నీరు అందులో ఆగి ఇంకుతుంది. మూడు నాలుగు మీటర్లకొకసారి అడ్డుకట్ట ఉంచడం మరువవద్దు, లేకపోతే గట్టి వాన ఎరువును పల్లానికి ఈడ్చుకుపోతుంది.

నింపిన కందకానికి ఒకటి రెండు వానలు తాగే అవకాశం ఇచ్చి, కర్రతో గుచ్చి చూసి, అడుగు లోతు పదును కనబడిన తరువాతే నాటాలి. మృగశిర చినుకులు చూసి తొందరపడకుండా ఆరుద్ర, పునర్వసు కార్తెల వరకు ఆగినా నష్టం లేదు. పుష్యమి దాటితే మాత్రం చలికాలంలోపు వేరు లోతుకు దిగడానికి వ్యవధి చాలదు.

విత్తనం, నారు

సుబాబుల్, దశరథ గడ్డి గింజల పైపెంకు గట్టిది. ఉడుకు పట్టిన నీటిని, అంటే మరగడానికి ముందు 80 డిగ్రీల వేడి ఉన్న నీటిని దించి, గింజలను నాలుగైదు నిమిషాలు అందులో ఉంచి, తీసి, రాత్రంతా చన్నీళ్లలో నానబెడితే మొలక బాగా వస్తుంది. మరుగుతున్న నీటిలో వేస్తే గింజ ఉడికిపోతుంది. నానిన గింజలను నీడన ఆరబెట్టి, పలచని బెల్లం నీటితో తడిపి, పది కిలోల విత్తనానికి 200 గ్రాముల రైజోబియం కల్చర్, అంటే వేరు బుడిపెల్లో ఉండి గాలిలోని నత్రజనిని పట్టే బ్యాక్టీరియా పొడి, పట్టించాలి. ఆ మొక్కకు తగిన రైజోబియమే అడగాలి, వేరుశనగ కోసం చేసినది దీనికి పనిచేయదు. నారు సంచుల్లో ఎర్రమట్టి, ఇసుక, చివికిన ఎరువు సమపాళ్లలో నింపి, వ్యామ్ శిలీంధ్రం దొరికితే ఒక్కో సంచికి చెంచాడు వేయాలి. అది వేరుకు అంటుకుని, వేరు చేరలేని సందుల్లోని భాస్వరాన్నీ తేమనూ తెచ్చిస్తుంది. మార్చి, ఏప్రిల్‌లో నారు పోస్తే జూలై నాటికి మొక్కలు సిద్ధమవుతాయి. సాలులో మొక్కకూ మొక్కకూ అరమీటరు చాలు. దశరథ గడ్డిని మాత్రం నేరుగా విత్తుకోవచ్చు. గ్లైరిసిడియాకు కొమ్మలు నాటడం తేలికే కానీ, గింజ మొక్కకు ఉండే తల్లివేరు కొమ్మకు రాదు. బెట్ట నేలలో గింజ మొక్కే నిలుస్తుంది.

మొదటి ఎండాకాలం

నాటిన నెలలోపు కందకం మీద నాలుగు వేళ్ల మందాన ఎండుగడ్డి, కంది పొట్టు, గ్లైరిసిడియా రెమ్మలు, ఏది దొరికితే అది పరచాలి. మొదలుకు జానెడు దూరం వదలాలి, లేకపోతే చెదలు మొక్కనే పట్టుకుంటాయి. చెత్త కప్పిన నేల లోపల తేమ ఎన్ని రోజులు ఆగుతుందో తెలియాలంటే, వాన పడిన వారం తరువాత కప్పిన చోట ఒకసారి, కప్పని చోట ఒకసారి చేత్తో తవ్వి చూడండి. నా మాటలకన్నా ఆ మట్టి ఎక్కువ చెబుతుంది.

ఫిబ్రవరి నుంచి మే వరకు పది పన్నెండు రోజులకొకసారి మొక్కకు మూడు నాలుగు లీటర్ల నీరు ఇవ్వగలిగితే చాలు. పాత మట్టికుండ అడుగున చిన్న రంధ్రం చేసి, అందులో నూలు వత్తి పెట్టి, మొక్కకు జానెడు దూరంలో మెడ వరకు పూడ్చి నీరు నింపితే అది చుక్క చుక్కగా వేరుకే చేరుతుంది. ట్యాంకర్ నీళ్లు కొనే వారికి ఇది పెద్ద ఆదా.

ఈ దశలో చాలామంది జీవామృతం పోస్తారు. రెండు వందల లీటర్ల నీటిలో పది కిలోల పేడ, పది లీటర్ల మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పు పిండి, గుప్పెడు గట్టు మట్టి వేసి, నీడన ఉంచి రోజూ కలుపుతూ రెండు రోజులు పులియబెడతారు. అది ఎకరాకు సరిపోతుందని చెబుతారు. అందులో ఉన్న నత్రజని మొత్తం కలిపినా పావుకిలోకు అటూ ఇటూగానే ఉంటుంది కనుక, అది పశువుల ఎరువుకు ప్రత్యామ్నాయం కాదు. మట్టిలో ఇప్పటికే ఎరువు, తడి రెండూ ఉంటే సూక్ష్మజీవులకు అది ఊతమిస్తుంది. ఎండిన మట్టి మీద పోస్తే బెల్లం ఖర్చు దండగ. వాన పడిన మరుసటి రోజే, చెత్త పొరను పక్కకు తొలగించి పోసి, తిరిగి కప్పండి. కోతకు వచ్చిన ఆకు మీద పేడ ద్రావణాలు చల్లవద్దు; తప్పనిసరైతే కోతకు రెండు వారాల ముందే ఆపేయాలి.

కోత, తీసినది తిరిగి ఇవ్వడం

మొదటి ఏడాది కత్తి పట్టకుండా ఉండగలగడమే అసలు పరీక్ష. సుబాబుల్ ఛాతీ ఎత్తు దాటి, కాండం బొటనవేలి మందం వచ్చాక మీటరు ఎత్తున కోయాలి, దశరథ గడ్డిని మోకాలి ఎత్తున. తడి ఉన్న కాలంలో నలభై నుంచి అరవై రోజులకొక కోత వస్తుంది. బెట్ట ఏడాది ఆ లెక్క మరచిపోయి, చిగురు మూరెడు దాటాకే కోయాలి, ప్రతి పొదకు రెండు మూడు ఆకు కొమ్మలు వదలాలి. దీపావళి తరువాత ఒక కోత తీసి ఎండబెట్టి నిల్వ చేసుకుని, ఆపైన మార్చి వరకు పొదకు విశ్రాంతి ఇస్తే ఎండాకాలపు అవసరానికి ఒక కోత మిగులుతుంది. సుబాబుల్ కాయలు ముదరకముందే కోయాలి, లేకపోతే గింజ రాలి పక్క చేలన్నీ నిండుతాయి.

పొద నుంచి ఒక టన్ను ఎండు ఆకు తీస్తే అందులో ముప్పై కిలోలకు పైగా నత్రజని వెళ్లిపోతుంది. దాన్ని గాలి నుంచి పొద తిరిగి తెచ్చుకుంటుంది. దానితోపాటు వెళ్లిన పొటాష్, భాస్వరం మాత్రం గాలి నుంచి రావు. అందుకే ఏటా రోహిణిలో సాలు పక్కన జానెడు లోతున గాడి తీసి, మీటరుకు కిలో చొప్పున చివికిన ఎరువు వేసి పూడ్చాలి. ఒక ఏడాది సాలుకు కుడి వైపు, మరుసటి ఏడాది ఎడమ వైపు తీస్తే వేళ్లు అన్నీ ఒకేసారి తెగవు. ఎర్ర నేలలో దీనికి పొయ్యి బూడిద కూడా కొంచెం కలపవచ్చు, రేగడి, చౌడు నేలల్లో కలపకూడదు. మేకలు ఆకు తిని వదిలేసిన పుల్లలు, కొట్టంలో ఊడ్చిన చెత్త, మూత్రంతో తడిసిన మట్టి అన్నీ మళ్లీ కుప్పకే చేరాలి. శంకర్‌పల్లి మండలం కొత్తపల్లిలో 1999 నుంచి పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ చేపట్టిన వాటర్‌షెడ్ (వాన నీటిని, మట్టిని కాపాడే) పనిలో గట్ల మీద గ్లైరిసిడియా పెంచి, ఆ రెమ్మలను పొలానికే ఎరువుగా వేశారు. గట్టు ఖాళీగా ఉన్న ప్రతివారూ చేయదగిన పని అది, ఎందుకంటే ఎరువు కొనవలసిన అవసరాన్ని గట్టే సగం తీరుస్తుంది.

మేపేటప్పుడు సుబాబుల్ ఆకు రోజు మేతలో మూడో వంతు దాటనివ్వవద్దు, మిగతాది చొప్ప, వరిగడ్డి ఉండాలి. కుందేళ్లకు, గుర్రాలకు అసలు పెట్టవద్దు, వెంట్రుకలు రాలిపోతాయి. గ్లైరిసిడియా వాసనకు పశువులు మొదట్లో మూతి తిప్పుకుంటాయి. కోసిన రెమ్మలను ఒక పూట నీడలో వాడనిచ్చి, అలవాటైన మేతలో గుప్పెడు గుప్పెడుగా కలుపుతూ పోతే, వారం పది రోజుల్లో అలవాటు పడతాయి.